తాటాకు ముడి

పేరిందేవి టీచరుగారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా ముందు ఆ ప్రశ్నని వాళ్ళ నోటితోనే రెండోసారి చెప్పించుకుంటారు. రెండోసారి చెప్పేసరికి సగంమంది తడబడి, "అబ్బే, నేనడగాలనుకున్నది ఇది కాదండీ" అని లేచిపోతారు. మిగిలిన సగానికి ఆవిడ జవాబు చెప్పరు, ఎప్పుడో జరిగిన సంగతేదో చెబుతారు. కాకినాడలో ఇంజనీరింగు కాలేజీలో డేటాబేసులు బోధించి రిటైరైన మనిషి, బోర్డూ సుద్దముక్కా ఊసు లేకుండా కాలవల కబుర్లు మొదలెడితే కొత్తగా వచ్చినవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. పాతవాళ్ళు మాత్రం మారుమాటాడకుండా వింటారు, ఇంటికెళ్ళాక నిద్రపట్టక దొర్లుతారు.

ఆ సాయంత్రం ఉదయభాను వచ్చాడు. ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు హైదరాబాదులో కొత్త డేటాబేసు ఇంజను తయారుచేస్తున్న ఓ జట్టుకి పెద్ద. ఆ ఇంజను మొట్టమొదట వెళ్ళబోయేది ఒక రక్తనిధికి. ఏ రోగికి ఏ సంచీ రక్తం వెళ్ళాలో అది చెప్పాలి. కుర్రాడి ముఖం పీక్కుపోయి ఉంది. కాఫీ తాగమన్నా తాగలేదు, గ్లాసు పక్కన పెట్టేసి నేరుగా విషయంలోకి దిగాడు.

"టీచరుగారూ, ఒక ఆజ్ఞ కడుపులో ఇంకో ఆజ్ఞ ఉంటుంది కదండీ. 'ఫలానాది జరిగితే ఈ పని చెయ్యి' అన్నది బయటిది. ఆ 'ఈ పని' అన్నది మళ్ళీ ఒక పూర్తి ఆజ్ఞ. బయటిది మన చేతికి అందగానే లోపలిదాన్ని కూడా విప్పి, చదివి, అందులో ఉన్న పేర్లు ఏ టేబుళ్ళవో, అసలవి ఉన్నాయో లేవో తేల్చేసుకోవాలా? లేకపోతే దాని వంతు వచ్చినప్పుడే విప్పుకోవాలా?"

"ఇంకోసారి చెప్పు."

చెప్పాడు. తడబడలేదు సరికదా, ఈసారి తీర్పు కూడా తనే జోడించాడు. "నా మట్టుకు నేను ముందే విప్పెయ్యాలంటానండీ. తప్పుంటే మొదట్లోనే బయటపడుతుంది. ఒకసారి చూశాక వంతొచ్చినప్పుడు మళ్ళీ చూడ్డం దండగ, పని నెమ్మదిస్తుంది. జట్టులో కొందరు ఒప్పుకోవడం లేదు. రేపు తేల్చెయ్యాలి. మీరొక్క మాట అంటే చాలు."

పేరిందేవిగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "మా నాన్నగారు లాకు సూపరింటెండెంటుగా చేసేవారు, తెలుసుగా" అన్నారు. భానుకి ఉసూరుమంది. అయినా కదల్లేదు.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. ఇందులో ఒక మనిషి ప్రాణం పోతుంది. ఆ మాట మొదట్లోనే చెప్పెయ్యడం మంచిది. చివర్లో ఉలిక్కిపడేలా చెయ్యడానికి ఇదేమీ గారడీ కాదు.

గోదావరి కాలవలు ఎండాకాలంలో కట్టేస్తారు. పూడికలు తీసుకోవడం, తలుపులు బాగుచేసుకోవడం అన్నీ అప్పుడే. దుక్కులకి ముందు నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళు పెద్దకాలవలో పడి వచ్చి, అడ్డంగా పెద్ద తలుపులుండే లాకు దగ్గర గోడమీద గీసిన గీత తాకగానే, కొంచెం దిగువనున్న పడమటి పిల్లకాలవ తలుపు ఎత్తాలి. ఎత్తకపోతే నీళ్ళు ఎగదన్ని, పేట పక్కనున్న బలహీనపు గట్టు తెగిపోతుంది. అందుకని లాకు దగ్గరి మనిషికి ఇచ్చే ఆజ్ఞ ఇలా ఉండేది: "నీళ్ళు గీత తాకితే గంట కొట్టి, బుల్లియ్యని పడమటి తలుపు ఎత్తమను." నీళ్ళు చూడడం, గంట కొట్టడం, అంతే ఆ మనిషి పని. తలుపు ఉందో లేదో, లేస్తుందో లేవదో అతనికెందుకు? అది బుల్లియ్య గొడవ.

బుల్లియ్య ఆ పిల్లకాలవ లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, గట్లు కాపలా కాయడం, అదీ ఉద్యోగం. తలుపు ఎత్తే చక్రం తిప్పీ తిప్పీ అరచేతులు కాయలు కాసిపోయినవాడు. మాట తక్కువ, నమ్మకం ఎక్కువ. ఎవరేం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనేవాడు.

అంతకుముందు ఒక సూపరింటెండెంటు ఉండేవాడు. ఆయన ధోరణి వేరు. నీళ్ళు రాకముందు తలుపు సంగతి ఎవరైనా ఎత్తితే, "గంట కొట్టినప్పుడు చూసుకుందాంలేవయ్యా, ఇప్పట్నుంచీ బుర్ర పాడుచేసుకోవడం దేనికి?" అనేవాడు. ఒక ఏడు గంట కొట్టారు. ఎండాకాలమంతా వేరే గట్టు పనిలో ఉన్న బుల్లియ్య పరిగెత్తుకెళ్ళి చూస్తే ఎత్తాల్సిన తలుపే అక్కడ లేదు. మరమ్మతుకని కంట్రాక్టరు మనుషులు దాన్ని ఊడదీసి, ఆ నోటికి ఇటుకలు పేర్చి పోయారట. ఎవర్నడగాలి? గంట కొట్టినవాడికి తెలీదు, కొట్టమన్నవాడు ఊళ్ళో లేడు. వచ్చేసిన నీళ్ళని వెనక్కి పొమ్మంటే పోతాయా? బుల్లియ్య గునపం పెట్టి ఇటుకలు పొడుస్తూ ఉండగానే గట్టు తెగింది. నారుమళ్ళు కొట్టుకుపోయాయి. పేటలో మట్టిగోడలు కూలాయి. అందులో బుల్లియ్య ఇల్లొకటి. మనుషులు మాత్రం ఎలాగో దక్కారు.

"చూశారా! లోపలి ఆజ్ఞని ముందే విప్పకపోతే ఇదేనండీ" అన్నాడు భాను, గెలిచినవాడిలా.

"తాగవయ్యా, చల్లారిపోతోంది" అన్నారు టీచరుగారు కాఫీగ్లాసు చూపించి.

ఆ తరవాత బదిలీ మీద వచ్చినాయన పేరిందేవిగారి నాన్నగారు, తిరుమలాచార్యులు గారు. తెగిన గట్టంతా నడిచి చూశారట. తరవాత ఒక పద్ధతి పెట్టారు. నీళ్ళు వచ్చే పొద్దున బుల్లియ్యని వెంటబెట్టుకుని ఆయనే స్వయంగా తలుపు దగ్గరికి నడిచేవారు. తలుపు ఉందా, మర తిరుగుతోందా, కందెన పెట్టారా, అన్నీ చూసేవారు. ఎండిన పిల్లకాలవలో దిగి, దూరాన వంపు తిరిగేదాకా వెళ్ళి, అవతల మడుగుల్లో మనుషులూ గొడ్లూ ఎవరూ లేరని కళ్ళారా చూసి వచ్చేవారు. వచ్చాక పచ్చి తాటాకు చీలిక ఒకటి తీసి చక్రానికి ముడి వేసేవారు. ముడి పడిందంటే లోపలి మాట విప్పి చూశాం, సరిగ్గానే ఉంది, ఇక గంట కొట్టగానే ప్రశ్నలు లేకుండా ఎత్తెయ్యి అని అర్థం. ఆ ఏడూ మరి కొన్నేళ్ళూ గంట కొట్టడం, తలుపు లేవడం వెంటవెంటనే జరిగిపోయాయి. గట్టుకి చెమ్మ కూడా తగల్లేదు. బుల్లియ్యకి ఆ ముడి మీద ఎంత గురి కుదిరిందంటే, దారంట పోయేవాళ్ళు చక్రం ముట్టుకోబోతే "ముడేసుంది, ముట్టకండి" అని దేవుడి గుడి గడపలా కాపాడేవాడు.

ఒక ఏడు ఎప్పట్లాగే పొద్దున్నే వెళ్ళారు, చూశారు, ముడి వేశారు. మధ్యాహ్నానికి నీళ్ళు రావాలి, రాలేదు. పైన ఎక్కడో పూడిక తీసే పంటు పడవ ఒకటి లాకు నోట్లో అడ్డం తిరిగిందని, అది కదిలేదాకా నీళ్ళు వదలరని కబురొచ్చింది. ఆచార్లుగారు పైఅధికారులు రమ్మంటే అటు వెళ్ళారు. ఆ రోజు గడిచింది, మర్నాడూ గడిచింది. ముడి ముడిలాగే ఉంది.

బుల్లియ్య ఇంట్లో కూతురు పురిటికొచ్చి ఉంది. పసిగుడ్డుకి పాలు చాలడం లేదు. అతని భార్య నూకాలుకి అదే బెంగ. బుల్లియ్య చద్దన్నం తిని బయల్దేరుతుంటే అడిగింది.

"మావా, ఇయ్యాలైనా నీళ్ళొత్తాయా?"

"యాడొత్తాయే? పంటు కదల్లేదంట. రేపో ఎల్లుండో."

"ఓ కొర్రమీను దొరికితే పులుసెట్టి పిల్లకి పోద్దును. పాలు పడతాయి."

"సాయంత్రం బజారెంట సూసొత్తాలే" అని చెప్పి వెళ్ళిపోయాడు.

బజారులో చేప కొనేపాటి ఓపిక ఆ ఇంట్లో లేదని నూకాలుకి తెలుసు. ఎండాకాలం పనుల్లేక పేటంతా గంజి తాగి పడుకుంటున్న రోజులవి. నీళ్ళు రావని మొగుడి నోటితోనే విన్నది కదా. పొద్దెక్కాక, చేపలు మూసిపట్టే వెదురు ఊత చంకన పెట్టుకుని వంపు అవతల మడుగులోకి దిగింది. మొగుడికి చెప్పలేదు. చెప్పాల్సినంత పనా అది?

ఇక్కడ భాను ఆగమన్నాడు. "అలాంటప్పుడు ముడి వేసిన నిమిషం నుంచీ అక్కడ కాపలా పెట్టెయ్యాలి కదండీ. ఎవరూ దిగకుండా, ఏదీ మారకుండా. మేమూ టేబుళ్ళకి అలా తాళం వేస్తాం."

"వెయ్యొచ్చు. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు ఎన్నాళ్ళు వేస్తావు? మడుగుకి తాళం వేస్తే పేట ఏం తింటుంది?"

ఆవిడ మళ్ళీ సంగతిలోకి వెళ్ళారు.

పంటు అనుకున్నదానికన్నా ముందే కదిలింది. నీళ్ళు వదిలిన కబురు బుల్లియ్యకి చేరనే లేదు. చేరాల్సిన అవసరమేముంది, గంట ఉంది కదా. ఎండ ఇంకా చిటపటలాడుతూ ఉండగానే గంట మోగింది. బుల్లియ్య పాకలోంచి లేచి చక్రం దగ్గరికి పరిగెత్తాడు. ముడి మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ పచ్చాకు గనక గోటితో లాగి విప్పాల్సివచ్చేది. ఇది ఎండి గోధుమరంగుకి తిరిగింది, చెయ్యి తగలగానే పెళపెళమని విరిగి రాలింది.  ఒకసారి వంపు దాకా పోయి చూసొస్తేనో అనిపించింది. గంట మాత్రం ఆగడం లేదు. కళ్ళముందు ఆ ఏడు తెగిన గట్టు, కూలిన తన ఇంటి గోడ కనిపించాయి. అయ్యగారూ తనూ కలిసి చూసిందే కదా అనుకున్నాడు. చక్రం తిప్పాడు.

తలుపు లేచింది. ఎంత బాగా లేచిందనుకున్నారు! కందెన బాగా పెట్టారు మరి. నీళ్ళు బురదని కెలుక్కుంటూ, ఎండుపుల్లల్ని తోసుకుంటూ వంపు తిరిగి కనబడకుండా పోయాయి. కాసేపటికి గట్టు మీద ఎవరో చేతులూపుతూ అరుచుకుంటూ రావడం కనిపించింది. మాటలు వినబడలేదు, నీళ్ళ హోరులో ఏం వినబడుతుంది? పేటలో అతని పక్కింటాయన అని పోల్చుకునేసరికి ఆయన దగ్గరికొచ్చేశాడు. "దించెయ్ రా, దించెయ్, నూకాలుందిరా అక్కడ!" అన్నాడు. బుల్లియ్య చక్రం వెనక్కి తిప్పడం మొదలెట్టాడు. ఎత్తడానికి ఎంతసేపు పడుతుందో దించడానికీ అంతసేపు పడుతుంది. ఆ తిప్పుతున్నంతసేపూ చక్రం వంకే చూశాడట. 

దిగువన కాలిబాట వంతెన గుంజల దగ్గర దొరికింది నూకాలు. ఊత చేతికి చుట్టుకుపోయి ఉంది. పాపం, కొర్రమీను దొరికిందో లేదో ఎవరూ చూడలేదు.

ఆచార్లుగారు తిరిగొచ్చాక నేరుగా బుల్లియ్య ఇంటికే వెళ్ళారు. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది, కూతురు ఓ మూల గోడకేసి తిరిగి కూర్చుంది. ఆయన అరుగు మీద కూలబడి, "నా చేతుల్తో వేసిన ముడి చంపిందిరా బుల్లియ్యా. ఇక ఆ ముడి వద్దు, తియ్యించేస్తాను" అన్నారు.  బుల్లియ్య తల అడ్డంగా ఊపాడు.

"మానకండి అయ్యగారూ. ముడి లేని ఏడు ఇల్లు పోయింది. ముడున్న ఏడు ఇల్లాలు పోయింది. ముడి మీద కోపం లేదండి. అది అప్పుడు సూసింది సూసినట్టే సెప్పింది. ఆకు ఎండిపోయిందని నా సెయ్యి సెప్తే నేనే ఇన్లేదు."

అక్కడ పేరిందేవిగారు ఆగారు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు. భాను అలాగే కూర్చుని ఉన్నాడు. బయట చీకటి పడబోతోంది. కాఫీ మీద మీగడ కట్టింది.

"తరవాతేం చేశారండీ?"

"ముడి ఉంచారు. బుల్లియ్యే ఇంకోటి కట్టమన్నాడు. మడుగులోకి దిగే బాట ఒక్కటే, అదీ వంపుకి ఇవతలే, మిగతాదంతా నిట్టనిలువు గట్టు. ఆ బాటకి అడ్డంగా తాటాకు చీలిక ఒకటి లాగి కట్టేవారు. దిగేవాళ్ళెవరైనా దాన్ని తెంపుకునే దిగాలి. గట్టు మీద నిలబడితే చక్రం దగ్గర్నుంచే కనిపిస్తుంది అది. తెగి ఉంటే గంట మోగినా ముందు పోయి చూడాలి, తెగకపోతే ఎత్తెయ్యొచ్చు."

భాను ముఖంలోకి ఆ సాయంత్రం మొదటిసారిగా కాస్త వెలుతురు వచ్చింది. తాళమూ కాదు, ఊరికే నమ్మడమూ కాదు, మధ్యలో ఏదైనా మారితే తెలియజెప్పే ఓ ఆకు. మనసులో అప్పటికే దాన్ని తన ఇంజనులో ఎక్కడ కట్టాలో చూసుకుంటున్నాడు. ఏ పేరు మారితే ఏ ఆకు తెగాలి, తెగితే ఎవరు పోయి చూడాలి, అంతా వరసగా తోస్తోంది. సంతోషమే అనిపించింది, ఆ సంతోషానికి వెంటనే సిగ్గూ వేసింది.

"బాగా ఆలోచించాడండీ. ఆకు తెగకపోతే మళ్ళీ చూడక్కర్లేదు కదా."

"అక్కర్లేదు. మా నాన్నగారూ అదే చెప్పారు. తరవాతెప్పుడూ అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బుల్లియ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ, గంట మోగితే ముందు ఆకు చూసేవాడు. తెగి ఉండేది కాదు. అయినా గట్టు మీద పరిగెత్తుకుంటూ వంపు దాకా పోయేవాడు. మడుగు వైపు ఓసారి చూసి, అలాగే పరిగెత్తుకొచ్చి అప్పుడెత్తేవాడు. వయసు మీదపడి రొప్పుతూ కూడా అంతే. ఈలోగా నీళ్ళు గీత దాటిపోయేవి. గట్టు దగ్గరివాళ్ళకి ప్రాణాలు అరచేతిలో ఉండేవి. మా నాన్నగారికి పైనుంచి చీవాట్లొచ్చేవి. అయినా బుల్లియ్యని ఒక్క మాట అనేవారు కాదు."

భాను తెచ్చుకున్న సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగి, వెనక్కి తిరిగాడు. ఆవిడ మీద గౌరవం ఉంది, అయినా లెక్క తెగకపోతే అడక్కుండా ఉండలేని బుద్ధి.

"ఆకు తెగలేదని కళ్ళకి కనిపిస్తున్నా మళ్ళీ పోయి చూడ్డం, అది మాత్రం దండగే కదండీ టీచరుగారూ?"

పేరిందేవిగారు మీగడ కట్టిన గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"దండగే భానూ. ఆవేళ చక్రం దగ్గర బుల్లియ్య కూడా అదే అనుకున్నాడు."